డెల్మర్ కుడి భుజం

ప్లంబరు డెల్మర్ వోయ్చిక్‌కి కుడి భుజం పోయిందన్న సంగతి విస్కాన్సిన్‌లో ఒప్పుకోనివాడు డెల్మర్ ఒక్కడే. నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచీ కాఫీ ఎడమచేత్తో తాగుతాడు. ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తకుండా నడుం దగ్గరే రెండు వేళ్లు ఊపుతాడు. చొక్కా భార్య ఆర్లీన్ తొడుగుతుంది. విల్లు ఎక్కుపెట్టే ఓపిక లేక, జింకల వేట మానుకోనూ లేక, తుపాకీలా పట్టుకుని బాణం వదిలే క్రాస్‌బో కొనడానికి ఆమెతో దుకాణానికి వెళ్లాడు. తీరా వెళ్లి, రెండు చేతులా తాడు పట్టి నారి లాగాల్సినదాన్నే ఎంచుకున్నాడు.

"ఇది తీసుకోండి. పిడి తిప్పితే నారి అదే వెనక్కొస్తుంది," అంది దుకాణం నడిపే లోర్నా.

"అది ముసలాళ్లకమ్మా," అని డెల్మర్ క్రాస్‌బో మూతిని కాలితో తొక్కిపట్టి తాడు లాగాడు. నారి సగందాకా వచ్చి ఆగింది. డెల్మర్ కూడా వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"ఏం చూస్తున్నావక్కడ?" అంది ఆర్లీన్.

"నేల బాగుంది."

ఆమె తాడు అందుకుని నారిని మెల్లగా కిందికి దింపింది. తర్వాత లోర్నా చూపించినదాని పిడిని ఒంటిచేత్తో, ఆవలిస్తూ, చివరిదాకా తిప్పేసింది. డెల్మర్ ఆ పిడివంక చూసి, ఆమెవైపు తిరిగాడు.

"శనివారం వేటకి నువ్వూ రా. పొద్దస్తమానం నోరు విప్పకుండా నా పక్కన కూర్చోగలవా?"

"పెళ్లయినప్పటి నుంచీ నేను చేస్తున్నదదేగా," అంది ఆర్లీన్.