టీచరమ్మకు దక్కని మాట

నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. మా ఇంగ్లీషు టీచరమ్మ బతికుండగా నన్ను అడగనీయలేదు. పోయిన సోమవారం కర్నూలు ఆసుపత్రిలో ఆమె కన్నుమూసింది. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు.

ఓర్వకల్లు పక్కన మా ఊళ్లో చర్చి బడి నడిచినన్నాళ్లూ ఆమే ఇంగ్లీషు చెప్పింది. బడి మూతపడ్డాక తన వసారాలో చెప్పింది. నాది సంతకం వరకే చదువు. అయినా అక్కడ నాకొక పని ఉండేది. పిల్లలు ఇంగ్లీషులో వ్యాసం రాసి, అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పాలి. నాకు అర్థం కాకపోతే మళ్లీ రాయాల్సిందే. ఒకసారి కునుకు తీశానని నన్నే కసిరింది. "ఏమప్పా, నువ్వే నిద్రపోతే వాళ్లు ఎవరికి చెప్పల్ల?" ఆమె దిద్దడం ఎప్పుడూ పెన్సిలుతోనే.

నా మనవరాలు నర్సు. పరదేశం ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలని కర్నూలులో కోచింగుకు చేరింది. టీచరమ్మ పాపకు నేర్పింది ఇంగ్లండు వాళ్ల రాత. కోచింగు సారుకు తెలిసింది అమెరికా రాత ఒక్కటే. కొన్ని మాటల్లో ఒక అక్షరం ఎక్కువ తక్కువ, అంతే తేడా. ఆయన పాప వ్యాసంలో అవన్నీ తప్పులని ఎర్రగా చుట్టి, పైన "పల్లెటూరి ఇంగ్లీషు" అని రాసి, ఆ కాగితం గోడకు అంటించాడు.

టీచరమ్మ నాతో బస్సెక్కి వచ్చింది. రెండు రాతలూ సరైనవేనని, మొదటి నుంచి చివరిదాకా ఒకటే రాస్తే చాలని ఆయనకు మర్యాదగా చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "మీ కాలం అయిపోయింది మేడం" అన్నాడు. క్లాసులో అందరూ నవ్వారు.

పరీక్షలో నా మనవరాలు భయంతో సగం అట్లా, సగం ఇట్లా రాసింది. తప్పింది. ఊరు టీచరమ్మనే తప్పుపట్టింది. వసారాకు పిల్లలు రావడం మానేశారు. నేను కొట్లాటకు పోతానంటే ఆమె ఒప్పుకోలేదు. "వద్దప్పా. ఆయన చేతికింద ఇంకా మన పిల్లోళ్లు ఉండారు."

మరుసటేడు మనవరాలు టీచరమ్మ రాతలోనే రాసి గెలిచి, పరదేశం ఉద్యోగానికి పోయింది. ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. టీచరమ్మ మాత్రం రోజూ సాయంత్రం వసారా ఊడ్చి, చాపలు పరిచి, చీకటి పడ్డాక మళ్లీ చుట్టి పెట్టేది. ఆసుపత్రిలో చివరిసారి నన్ను అడిగింది ఒకటే. "పాప చెప్పేది ఆడుండే రోగులకు అర్థమవుతాండాదంటనా?"

కోచింగు సారూ, ఈ నెల ఆఖరు ఆదివారం మా చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఆమె నేర్పింది తప్పా, ఒప్పా? ఆ రోజు వచ్చి ఊరందరి ముందర చెప్పు. రాకపోతే సోమవారం పొద్దున నీ వాకిట్లో కూర్చుంటాను. జవాబు వినేదాకా లేవను.