ఒళ్ళో మూడు ఫ్యూజులు

దయ్యాలూ భూతాలూ అంటూ నా దగ్గర ఎవరైనా మొదలుపెడితే చేతికి ఏదో ఒక పని అప్పగించి లేపేసేదాన్ని. పని లేనివాళ్ళకే అవి కనబడతాయని నా అభిప్రాయం. మూడో తరగతితో చదువు మానేశాను. ఆదివారం చర్చికి వెళ్తాను. అంతకు మించి కంటికి కనబడని వాటి జోలికి పోలేదు, ఇప్పటికీ పోను. కానీ ఒకటి మాత్రం నా చేత్తో పట్టుకుని చూశాను. అది ఎలా జరిగిందో అలాగే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మా ఆయన ఫుజైరాలో ఒక రాళ్ళ క్వారీలో ఎలక్ట్రీషియను. మా ఊరు నర్సాపురంలో ఎవరడిగినా దుబాయ్ అనే చెప్పేవాళ్ళం. క్యాంపు మెస్సులో వంటమనిషి సెలవుకి వెళ్ళి తిరిగి రాకపోతే, ఆ పని నాకు ఇప్పించి నన్నూ రప్పించుకున్నారు. పద్దెనిమిది మందికి వండేదాన్ని. అన్నం పారబోయడమన్నది నా చేతుల్లో జరగలేదు.

రాళ్ళు పిండిచేసే క్రషరు మోటారు ఒక్క నెలలో రెండుసార్లు కాలింది. ఆయన విప్పి నాకు చూపించారు. లోపల రాగి తీగ చుట్లు మూడు వరసలు. రెండు వరసలు బొగ్గయ్యాయి, మూడోది కొత్తదానిలా మెరుస్తోంది. మూడు ఫేజుల్లో ఒకటి రావడం మానేసిందని, మిగతా రెండే బరువంతా లాగి కాలిపోయాయని చెప్పారు. రాకుండా పోయింది పసుపు ఫేజు. కానీ ఆయన ఎప్పుడు పరీక్షించినా మూడూ బాగానే వస్తున్నాయి. మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. ఇంకోసారి కాలితే మనిషినే మారుస్తానని ఆ ముదీర్ అన్నాడు.

ఆయనకొక అలవాటుంది. ఏదైనా విప్పే ముందు దాని మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి తెచ్చి నాకిచ్చేవారు. మెయిన్ ఆపితే క్యాంపుకి నీళ్ళ పంపు ఆగిపోతుంది, అందుకని ఈ పద్ధతి. తొందరలో ఎవరైనా తిరిగి పెట్టేస్తే ప్రాణం పోతుంది. నా దగ్గరుంటే ఆయనకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని ఆయనకు తెలుసు. ఏది ఏ ఫేజుదో తెలిసేలా ఎరుపు, పసుపు, నీలం దారాలు నేనే కట్టాను, పాత చీరల అంచుల్లోంచి లాగి.

ఆ రోజు భోజనాలయ్యాక ఫ్యూజులు నా ఒళ్ళో పడేసి, క్రషరు స్టార్టరు డబ్బా చూస్తానని షెడ్డుకి వెళ్ళారు. పొయ్యి ఆర్పి గంట దాటింది. నేను మెస్సు వెనక నీడలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను.

ఆయనతో పనిచేసే ఖాదర్ వచ్చాడు. కడప మనిషి, నా ఈడువాడే.

"వదినా, ఆ ఫ్యూజులు ఇయ్యి. ముదీర్ యల్లా యల్లా అని తొందర పెడ్తా నెత్తిన కూసోనుండాడు."

"మీ అన్న పంపారా?"

"అన్న ఇంకా లోపలే ఉండాడు. అయిపోవచ్చింది లే."

"అయితే వెళ్ళు. ముదీర్ కాదు, మనకి వీసా ఇచ్చిన కఫీల్ వచ్చి నిలబడ్డా ఇవ్వను."

"నిన్ను బ్యాంకులో కాపలాకి పెట్టాల్సింది వదినా!"

అప్పుడే తొడ మీద చురుక్కుమంది. నిప్పురవ్వ పడిందేమోనని చూశాను. పసుపు దారం కట్టిన ఫ్యూజు. పట్టుకుంటే కాలిన పెనం ముట్టుకున్నట్టుంది. మిగతా రెండూ చల్లగానే ఉన్నాయి. నన్ను నేను నమ్మలేక దాన్ని ఖాదర్ చేతిలో పెట్టాను. "యా అల్లా!" అని వదిలేశాడు. రాయికి తగిలి దాని మూల చిట్లింది. దారం మాత్రం మాడలేదు, రంగైనా మారలేదు.

నాకు భయం వేయలేదు. పాడైన వస్తువు ఒళ్ళో పడేసి పోయారని కోపం వచ్చింది. దాన్నీ, మిగతా రెండింటినీ కొంగులో చుట్టుకుని షెడ్డుకి పరుగెత్తాను. తిట్టడానికైతే నడిచి వెళ్ళినా సరిపోయేది. ఎందుకు పరుగెత్తానో ఇప్పటికీ చెప్పలేను.

దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడంతో షెడ్డులో నేలంతా తడి. ఆయన ఆ తడిలోనే మోకాలు ఆనించి కూర్చున్నారు. చేతిలో స్పానరు, ముందు తెరిచిన డబ్బా.

"ఏమండీ! ఈ కాలేది నాకెందుకిచ్చారు?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఏంటే ఆ గోల?" అంటూ ఫ్యూజు అందుకున్నారు. అప్పటికది చల్లారిపోయింది. "ఎండకి నీకు మతి పోయింది. పని మొదలుపెట్టేముందు చూశాను, కరెంటు లేదు. ఇదిగో చూడు," అని నా నోరు మూయించడానికి రెండు బల్బులు కలిపి కట్టుకున్న టెస్ట్ ల్యాంపు తీశారు.

ఎరుపుకి పెట్టారు, వెలగలేదు. నీలానికి పెట్టారు, వెలగలేదు. పసుపుకి పెట్టగానే బల్బులు రెండూ వెలిగాయి.

ఆయన స్పానరుని మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టారు.

తర్వాత మెయిన్ ఆపేసి ఫ్యూజుల బోర్డు ఊడదీశారు. పసుపు ఫ్యూజు గూడు వదులైతే, అంతకుముందు పనిచేసినవాడెవడో దాన్ని బాగుచేయకుండా వెనకనుంచి తీగముక్కతో కలిపేశాడు. ఆ తీగా వదులే. లారీ రాళ్ళు దించి నేల అదిరినప్పుడల్లా అది ఊడుతోంది, తగులుతోంది. ఊడినప్పుడు మోటారు రెండు ఫేజుల మీద నడిచి కాలింది. తగిలినప్పుడు ఫ్యూజులు పీకినా కరెంటు వస్తూనే ఉంది. ఆయన మొదట చూసినప్పుడు ఊడి ఉంది. తర్వాత లారీ వచ్చింది.

ఆయన బయటికొచ్చి నీడలో కూలబడి రెండు గ్లాసుల మజ్జిగ తాగారు. మూడోది అడక్కుండానే పోశాను. "ఈ పొద్దు వదినకి నిజంగానే ఏమో అయింది," అన్నాడు ఖాదర్. ముగ్గురం నవ్వాం. నవ్వి నవ్వి నాకు ఏడుపొచ్చింది.

మేమక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ మోటారు మళ్ళీ కాలలేదు. ఆయన మరో ఇరవై ఆరేళ్ళు బతికి, ఇంట్లో తన మంచం మీద నిద్రలో పోయారు. ఎండకి వేడెక్కి ఉంటుందనే చివరిదాకా అన్నారు. నేను కూర్చున్నది నీడలో. మూడూ ఒకే ఒళ్ళో ఉన్నాయి, ఏ తీగకీ తగిలి లేవు. అడిగిన ఎలక్ట్రీషియన్లందరూ తల అడ్డంగా ఊపారు.

ఇప్పుడు మా ఇంటి బోరు మోటారు విప్పడానికి ఎవరొచ్చినా ముందు మూడు ఫ్యూజులూ నా చేతికివ్వాలి. పనయ్యేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. మూల చిట్లిన పాతదాన్ని కూడా పక్కనే పెట్టుకుంటాను. మామ్మగారి చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇంతవరకూ అన్నీ చల్లగానే ఉన్నాయి. చల్లగా ఉన్నంతసేపూ నాకు నిశ్చింత. ఆ రోజు అదొక్కటే ఎందుకు కాలిందో మాత్రం నాకు తెలియదు.