అన్నవరం సైకిలు పందెం: ఆఖరి ఎత్తు దగ్గర

మా బావగారు గుమాస్తా పని మానేసి, కాకినాడలో ఒక సైకిలు కొట్టు తరఫున జీతానికి పందేలు తొక్కడం మొదలుపెట్టారు. ఇప్పటికే ఒకసారి పడి చెయ్యి విరిగింది. "ఈసారి ఓడిపోతే కొట్టువాళ్లు మానిపిస్తారట. మానిపిస్తే మంచిదేరా, ఇంటికి తెచ్చేసుకుంటాను" అంది అక్క. పందెం చూడ్డానికి ఆమెను ఒక్కర్తినీ పంపలేక నేనూ బయలుదేరాను.

పందెం రాజమండ్రి నుంచి అన్నవరం దాకా. సైకిళ్లు తెల్లవారగానే కదులుతాయి గనుక మేము అంతకుముందే రైలెక్కాం. మూడో తరగతి పెట్టె సత్యనారాయణ వ్రతానికి వెళ్లేవారితో కిక్కిరిసి ఉంది. అన్నవరంలో దిగి, నాలుగణాలకు ఒంటెద్దు బండి మాట్లాడుకుని, సైకిళ్లు వచ్చే రోడ్డు పట్టుకుని వెనక్కి వెళ్లాం. జగ్గంపేట నుంచి వచ్చే ఆ రోడ్డు గుట్టల మీదుగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బండి తోలే వీర్రాజు ఆఖరి ఎత్తులో, మలుపు దగ్గర ఆపాడు.

"ఇక్కడ నిలబడండమ్మా. ఇటు కింద, అటు పైన, రెండూ కనబడతాయండి."

పొద్దెక్కాక మొదట మదరాసు నుంచి వచ్చిన పోటీదారు కనిపించాడు. మలుపు దాటాడో లేదో, కాళ్లు ఆడక దిగిపోయి, సైకిలు మీద వాలి నడవసాగాడు. కాసేపటికి కింద బావగారు వచ్చారు. మలుపు అడ్డం కావడంతో ఆయనకు ఎదురుగా రోడ్డు ఖాళీ. అవతలివాడు ఊరు చేరిపోయాడనుకున్నారు కాబోలు, దిగి ఒక రాతి మీద కూలబడ్డారు.

అక్క కోరుకున్నది అదే. మజ్జిగ చెంబు పట్టుకుని రెండడుగులు వేసింది, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. పదిమందిలో ఆయనతో గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషి, ఉన్నట్టుండి అరిచింది.

"ఏవండీ! లేవండి! ఆయన మలుపు అవతలే ఉన్నారండీ, దిగి నడుస్తున్నారు!"

"నిజంగానా?"

"నాకు కనబడుతున్నారండీ!"

బావగారు సైకిలు ఎక్కలేదు. దాన్ని తోసుకుంటూ ఉత్తకాళ్లతో పరుగెత్తారు. ఎత్తు చివర అవతలివాణ్ణి దాటి, అప్పుడు ఎక్కి, దిగుడులో మాయమయ్యారు. మేము ఊళ్లోకి వచ్చేసరికి ఆయన మెడలో గెలుపు దండ ఉంది.

"నువ్వు నన్ను మానిపించడానికి వచ్చావనుకున్నానే" అన్నారు.

"అందుకే వచ్చానండి" అంది అక్క.

తిరుగు రైల్లో బావగారు కూర్చున్నచోటే నిద్రపోయారు. వచ్చే పందేనికీ భయపడతానని అక్క నాతో మెల్లగా చెప్పింది. ఆయన ఇంటికి రావాలన్న కోరిక పోలేదట, అలా కూలబడిపోయి రావడం మాత్రం వద్దట. నేను చాలా దూరాలు తిరిగాను గాని, ఒక మనిషి మనసు ఇంత దగ్గరగా చూసింది ఆ మలుపులోనే.

మీరు వెళితే, బండిని రానూపోనూ ముందే మాట్లాడుకోండి. పందెం రోజు ఆ రోడ్డులో తిరుగు బండి దొరకదు.