చాట పట్టుకొని పోయిన ఇండ్లు

మెడల ఏసుకునే ఈ కార్డుకు కొత్త ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు. తోడు లేనోళ్ల దగ్గర వారానికొకసారి కూసొని ముచ్చట పెట్టేటందుకు వికారాబాద్‌ల ఒక సంఘమోళ్లు ఇచ్చిన్రు. నా వంతుకు ఖాజాబీ వచ్చింది. నలభై దాటిన మనిషి, తల్లి సచ్చిపోయినంక మాట బందు చేసి గోడ దిక్కు తిరిగి కూసుంటది. వాళ్ల అన్న రహీం ఆటో నడుపుతడు, మంచోడే కని, పొద్దంత ఆమెను ఒక్కదాన్నే ఇడ్సిపోవుడు ఆయనకు ఫికర్. రంజాన్ దాక నోరు ఇప్పకపోతే హైదరాబాద్‌ల ఏదన్న హోంల చేర్పిస్తనని ఖరాఖండిగ చెప్పిండు. నేను పోయి తిన్నవా, పండుకున్నవా అని అడుగుడు, ఆమె పలకకపోవుడు. చేతులు ఒళ్లె పెట్టుకొని గంటసేపు ఉత్తగ కూసునుడు నా జన్మల ఎరుగ.

మా తాండూరుల, నా చిన్నప్పుడు, ఎవ్వరూ ఉత్త చేతులతోని ఒకరింటికి పోకపోయేది. చలికాలం పోతుందనంగ కందులు ఇండ్లకు వస్తే, వాకిట్ల షాబాద్ బండల మీద ఎండవోసిన గింజల వాసన, ఎర్రమన్ను వాసన, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయల ఆవిరి, ఇసుర్రాయి సప్పుడు, ఆ బండల మీదనే మా గచ్చకాయల ఆట, మధ్యల జొన్నరొట్టె ముక్క పచ్చిపులుసుల ముంచుకొని తినుడు, అన్నీ ఒకటే తీరుగ కలిసిపోయి ఉండేటియి. మా గల్లీల మానెమ్మ అని ఒకామె ఉండె. కొడుకు కాగ్నా వాగుల పడి పోయినంక పొయ్యి ముట్టియ్యకుంట, తల దువ్వకుంట ఇంట్ల కూలబడ్డది. మా అవ్వ ఆమెను ఒక్కనాడన్న ఎట్లున్నవని అడగలే. పగటీలి అన్నం తినంగనే చాటెడు పప్పు పట్టుకొని, నన్ను ఎంటవెట్టుకొని, వాళ్ల అరుగు మీద కూసొని మట్టిపెడ్డలు ఏరేది. ఆమె ముంగట ఒక చాట పెట్టి చారెడు పప్పు వోసేది. పొట్టు ఇడ్సిపెడితే ఇంటి మనిషిని కోప్పడ్డట్టే కోప్పడేది. రేపు ఇంకో ఇంటామె, ఎల్లుండి మరొకామె, ఎవరి పని వాళ్లు తెచ్చుకునేటోళ్లు. అట్ల ఏరుకుంట ఏరుకుంటనే మానెమ్మ మల్ల మనుషుల్ల పడ్డది.

బడి మొఖం రెండేండ్లే చూసిన దాన్ని, నాకు గంతకన్న తెల్వది. అందుకే మోమిన్‌పేట్‌ల మా మరిది చేన్ల కందులు పప్పు చేపిచ్చి, చాటల వోసి ఖాజాబీ ముంగట పెట్టిన. కొన్ని వారాలు చూడనే లేదు. ఒకనాడు నేను పెడ్డ ఇడ్సి మంచి పప్పు పారేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నది.

"పెద్దమ్మా, నీకు కండ్లు కానొస్తలేవు. ఇటు తే."

కిరాయికి పోనీకె బయలెల్లిన రహీం గడపల్నే నిలవడి మొఖం తుడుచుకున్నడు.

గా మల్ల వారమే సంఘం మేడం చూడనీకె వచ్చింది. చాట చూసి పరేషాన్ అయింది. "అమ్మా, మనం దోస్తీ చెయ్యనీకె వస్తున్నం, పని చేపిచ్చుకోనీకె కాదు. రేపు ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?" అన్నది. ఆమె మాట తప్పు గాదు, బీమారున్నోళ్లతోని చాకిరి చేపిచ్చేటోళ్లు ఉన్నరు. కని ఎంత ఇడమర్చి చెప్పినా నా మాట ఆమె చెవుల పడలే. ఇప్పుడు మంగళారం సంఘం తరఫున ఉత్త చేతులతోని పోతున్న, ఖాజాబీ గోడ చూస్తది. శుక్రారం నా తరఫున పప్పుతోని పోతున్న, నన్ను తిడుతది. రహీం హోం మాట ఇంకా పూరా ఇడ్వలే.

మరిది కందులు అయిపోయినయి. వికారాబాద్ అంగట్ల అడిగిన, తాండూరుకు పోయి మిల్లులల్ల అడిగిన. ఏరని పప్పు యాడ లేదు. అంత మిషిన్ల పట్టి, అద్దం లెక్క మెరిసేదే. పెడ్డ లేదు, పొట్టు లేదు, ఒకరి అరుగు మీద కూసునేటందుకు సాకు లేదు.

గింజ కింద పడితే ఏరుకునే దాన్ని నేను. నిన్న కోడలు చూడకుంట పాకిట్ ఇప్పి చాటల వోసి, పెరట్లకెల్లి చారెడు మట్టిపెడ్డలు తెచ్చి, మంచి పప్పుల కలిపిన.