కోటేశ్వరక్క కారం సంచి

పోయిన వారం దర్శి నుంచి ఒంగోలు వెళ్ళే బస్సులో ముందు సీటావిడ తుమ్మింది. ఆమె వెనక ఇంకొకాయన. చూస్తుండగానే బస్సు సగం తుమ్ములతో, సగం దగ్గులతో నిండిపోయింది. కండక్టరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవరిదయ్యా ఆ కారం? మూతి గట్టిగా కట్టుకోవద్దూ?" అని అరిచాడు. నేను చెయ్యెత్తి, ఒళ్ళో ఉన్న గుడ్డసంచి మూతికి ఇంకో ముడి వేశాను. మూడేళ్ళుగా ఈ సంచి మోస్తున్నా ఆ ముడి మాత్రం నాకు సరిగ్గా పడదు. నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న రైతు ఒక్కసారి కూడా తుమ్మలేదు. మనసు వేరేచోట ఉంటే ముక్కు కూడా పనిచెయ్యదేమో. ఆయన సంగతి చివర చెబుతాను. ముందు ఈ సంచి నాకు ఎవరు అలవాటు చేశారో చెప్పాలి.

కొత్తగా ఆడించిన కారం ఘాటు తగిలితే అందరికీ ఆవకాయ గుర్తుకొస్తుంది, నాకు కోటేశ్వరక్క గుర్తుకొస్తుంది. పురుగుమందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చి దర్శిలో దిగినప్పుడు మేడమీద గది నాకు అద్దెకిచ్చింది ఆమే. కింద ఆమె కారం మర. కల్లాల్లో కాయ ఎండి ఇళ్ళకు చేరే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఏడాదికి సరిపడా మిరపకాయలు తెచ్చి ఆమె వాకిట్లో వరస కట్టేవాళ్ళు. యాభై దాటిన సన్నటి మనిషి, ముక్కుకూ నోటికీ పాతచీర ముక్క కట్టుకుని మర దగ్గర నిలబడేది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. నోరు మాత్రం ఆమె ఆడించే కారానికి ఒక పాలు ఎక్కువే. కాయలు సరిగ్గా ఎండకుండా తెచ్చినావిడను, "ఏందమ్మా, ఇయ్యి కారానికా, పచ్చడికా?" అని నలుగురిలో అనేసేది. ఆ నోటికి జడిసి మొదట్లో నేను చప్పుడు కాకుండా మెట్లు దిగేవాణ్ణి.

ఆమెలో మెత్తదనం నాకు మొదట కనిపించింది పక్కింటి పసిపిల్ల దగ్గర. ఆ పిల్ల పాకుతూ వచ్చి కాళ్ళు పట్టుకున్నా వెంటనే ఎత్తుకునేది కాదు. మర ఆపి, చేతులకు కొబ్బరినూనె పట్టించి, శనగపిండితో రుద్ది కడిగి, మళ్ళీ నూనె రాసి, అప్పుడు కూడా అరచేతులు తగలకుండా ముంజేతుల మీదకు ఎత్తుకునేది. అంత తతంగం చూసి, "చేతులు అంత మండుతున్నాయా అక్కా?" అని అడిగాను.

"నాకెందుకు మండిద్దిరా? ఎన్నేళ్ళ నుంచో ఇదే పని, ఈ చేతులు ఎప్పుడో మొద్దుబారినయ్యి. మండేది పిల్లదాని కళ్ళకి" అంది.

చేతి తొడుగులు లేకుండా మందు కలపొద్దని రైతులకు రోజూ ఉపన్యాసమిచ్చే నాకు అదేమంత కొత్త సంగతిగా అనిపించలేదు. నవ్వి ఊరుకున్నాను.

అప్పట్లో నాకు రఫీ అని ఒక స్నేహితుడు. చీరాలలో మరమగ్గాలు బాగుచేసేవాడు. స్నేహితుడు అన్న మాట దగ్గర ఆగిపోవడం ఆ రోజుల్లో మాకు అలవాటు. ఇప్పుడు ఉన్నదున్నట్టే రాస్తాను, మేమిద్దరం ప్రేమించుకున్నాం. ఆదివారాలు అతను నా గదికి వచ్చేవాడు. కోటేశ్వరక్క ఏమీ అడిగేది కాదు. రెండు గ్లాసుల టీ మెట్ల మీద పెట్టి, "చల్లారిపోద్ది" అని కేకేసి వెళ్ళిపోయేది. రఫీకి ముందు నాకు వేరేవాళ్ళు ఉన్నారు, నాకు ముందు అతనికీ ఉన్నారు. ఎప్పుడూ ఏ జాగ్రత్తా తీసుకోలేదు. ఎయిడ్స్ గురించి మాకు తెలిసిందంతా గోడల మీది బొమ్మలే. ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఒక హైవే, ఒక లారీ, పక్కన ఒక ఆడమనిషి. మేం లారీలు తోలలేదు, ఆడవాళ్ళ జోలికి పోలేదు, కాబట్టి ఆ జబ్బు మా వీధికి రాదని నిశ్చింతగా ఉన్నాం. "మన మధ్య నిరోధ్ ఎందుకు, పిల్లలు పుడతారా?" అని రఫీ ఒకసారి అంటే, డిగ్రీ చదివిన నేను పడీపడీ నవ్వాను.

అలా ఉండగా ఇంట్లో నాకు పెళ్ళి కుదిర్చారు. వినుకొండ అమ్మాయి, పేరు సుజాత, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి, చెప్పే ధైర్యమే ఉంటే అంతదాకా వచ్చేదే కాదు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని నాలాంటివాళ్ళు చాలామంది తమకు తాము చెప్పుకునే మాటే నేనూ చెప్పుకున్నాను. తాంబూలాలు పుచ్చుకున్న మర్నాడు లడ్డూల డబ్బాతో కోటేశ్వరక్క దగ్గరికి వెళ్ళాను. డబ్బా అందుకుంది గానీ మూత తియ్యలేదు. మర ఆపేసింది.

"రఫీకి తెలుసా?" అంది.

ఆమెకు అంతా తెలుసన్నమాట. "తెలుసు" అన్నాను.

"ఆ పిల్లకి?"

"ఆ అమ్మాయికి ఏం చెప్పమంటావక్కా?"

"పోనీ, రక్తపరీక్ష ఎప్పుడన్నా చేయించుకున్నావా?"

"నాకేం జబ్బుందని? దుక్కలా ఉన్నాను."

"మా ఆయన కూడా దుక్కలాగే ఉండేవాడురా" అంది. నన్ను బల్ల మీద కూర్చోమని, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

ఆయన గుంటూరులో మిర్చి కొట్లో గుమస్తా. సీజనంతా అక్కడే ఉండి, వీలైనప్పుడు ఇంటికి వచ్చేవాడు. ఆమె మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. జ్వరాలతో చిక్కిపోయి ఇల్లు చేరాడు, ఏ జబ్బో తేలేసరికి ఆలస్యమైపోయింది.

"మా ఆయన పోయినరోజు గుంటూరు నుంచి ఒకాయన వచ్చాడు" అంది కోటేశ్వరక్క. "శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిచాడు. నేనింకా ఏడవనే లేదు. ఆ ఏడుపు చూశాక తెలిసింది, మేమిద్దరం ఒక మనిషినే పోగొట్టుకున్నామని. కోపం రావాల్సింది, రాలేదు. 'అయ్యా, నువ్వు కూడా పరీక్ష చేయించుకో' అన్నా. తలూపి వెళ్ళాడు. చేయించుకోలా. కొన్నాళ్ళకి ఆయన కూడా పోయాడని తెలిసింది. నేను చేయించుకున్నా. నాకుంది. మాత్రలేసుకుంటా బానే ఉన్నా."

ఆ మాట ఊళ్ళో ఒక్కరికి తెలిసినా ఆమె మర దగ్గరికి ఎవరూ రారు. కారంలో ఆ జబ్బు కలవదని డాక్టర్లు వచ్చి మైకులో చెప్పినా వినరు. అన్నేళ్ళు దాచుకున్న దాన్ని ఆమె నా ముందు పెట్టింది, అదీ నా కోసం అనుకోను. వినుకొండలో ఉన్న, తాను ఎన్నడూ చూడని ఒక పిల్ల కోసం పెట్టింది.

"మా ఆయన మంచోడురా" అంది మళ్ళీ. "చెడ్డోడైతే నేనే జాగ్రత్తపడేదాన్ని. మంచోడు చెప్పకపోతే నాకెట్టా తెలిసిద్ది? నీకు మండట్లేదని నువ్వు బాగుండావనుకుంటున్నావు."

నెలకోసారి ఆమె కారం పొట్లాలు సంచిలో వేసుకుని ఒంగోలు బస్సెక్కేది. పట్నంలో ఆమెకు వాడుక ఇళ్ళున్నాయని ఊరంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. నిజానికి అది ఆసుపత్రిలో మాత్రలు తెచ్చుకునే రోజు. ఆ నెల నన్నూ వెంటబెట్టుకుంది. బస్సు దిగగానే సంచి నా చేతికిచ్చి, "తెలిసినోళ్ళు కనపడితే కారం అమ్మటానికొచ్చామని చెప్పు. చేతిలో బరువుంటే కాళ్ళు వణకవు" అంది. వణకలేదని చెప్పలేను గానీ, ఆ సంచిని మాత్రం పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

లోపల కౌన్సెలరు నా వయసూ చదువూ అడిగిన గొంతుతోనే, "మీ సంబంధాలు ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా, ఇద్దరితోనా?" అని అడిగింది. ఆ ప్రశ్నను అంత మామూలుగా అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. "మగవాళ్ళతో" అన్నాను. ఆమె తల ఊపి, చెప్పాల్సినవి చెప్పింది. రక్షణ లేకుండా ఇద్దరు మగవాళ్ళు కలిసినా ఆ జబ్బు అంటుకుంటుందని, అంటుకునే అవకాశం నిజానికి ఎక్కువేనని. నిరోధ్ మీద నూనెలు రాస్తే చిరిగిపోతుందని, నీళ్ళతో చేసిన జెల్ వాడాలని. రాకుండా ముందే వేసుకునే మాత్రలు కూడా ఉన్నాయని. ఈమధ్యే అంటుకుని ఉంటే పరీక్షలో ఇప్పుడే తేలకపోవచ్చని, మూడు నెలలు ఆగి మళ్ళీ రమ్మని. మందు కొట్టిన రోజే కాయ కొయ్యొద్దని రైతులకు చెప్పేవాణ్ణి కాబట్టి, ఆగాలన్న మాట నాకు తేలిగ్గానే బుర్రకెక్కింది. ఆ రోజు పరీక్షలో జబ్బు లేదనే వచ్చింది. జాగ్రత్తగా ఉండి మూడు నెలల తర్వాత వెళితే మళ్ళీ లేదనే వచ్చింది.

ఎగిరి గంతేసినంత పనిచేసి, "ఇంక బెంగ లేదక్కా, పెళ్ళికి నువ్వు రావాలి" అన్నాను.

"పరీక్ష నీ రక్తం సంగతి చెప్పింది. నీ సంగతి ఎవరు చెప్తారు? పెళ్ళయ్యాక రఫీ రాడా?"

రాడని అబద్ధమాడలేకపోయాను.

"వస్తాడు. నువ్వు అన్ని జాగ్రత్తలూ పడతావనే అనుకుందాం. అయినా ఆ పిల్ల బతుకంతా మెట్ల మీద టీ పెట్టి పోవాల్సిందేనా?" అంది.

అన్ని ఆదివారాలు తాగిన టీ అప్పుడు చేదెక్కింది. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు వినుకొండ బస్సెక్కాను.

బడి వదిలాక, రోడ్డు పక్కన చెరుకురసం బండి దగ్గర సుజాతకు చెప్పాను. ఎలా చెప్పానో, ఏ మాటలు వాడానో ఇప్పుడు గుర్తులేదు. ఆమె చేతిలోని గ్లాసు బండి మీద పెట్టేసింది.

"మీకేమైనా జబ్బుందా?" అంది.

"లేదండి. పరీక్ష చేయించుకున్నాను."

"అయితే చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదుగా?"

"మీకు తెలియకుండా ఉండకూడదనిపించిందండి."

ఆమె లెక్క ఆమె వేసుకుంది. లెక్కల టీచరు కదా. "మీరు వద్దన్నారంటే అందరూ లోపం నాలో వెతుకుతారు. అబ్బాయి నచ్చలేదని నేనే చెబుతాను. మీరు కాదనకండి" అంది.

"అలాగేనండి" అన్నాను. రసం ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది, సిగ్గు కంటే ఎక్కువ తేలిక అనిపించింది. వెళ్ళేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూడనందుకు కూడా మనసులో దండం పెట్టుకున్నాను.

రఫీని పరీక్షకు ఒప్పించడం దానికన్నా కష్టమైంది. నేను తనని అనుమానిస్తున్నానని కొన్నాళ్ళు రావడమే మానేశాడు. తిరిగొచ్చిన ఆదివారం కోటేశ్వరక్క మొదటిసారి టీ గ్లాసులు గదిలోకే తెచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చి, సంచి అతని ఒళ్ళో పెట్టి, "రేపు పొద్దున బస్సుకి పోదాం" అంది. రఫీకి ఉందని తేలింది. నాకు అంటకపోవడం నా తెలివేం కాదు, ఉత్త అదృష్టం. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అతను, "ఇంక నన్నెవరు ముట్టుకుంటారక్కా?" అంటే, ఆమె తన నూనె చేతులతో అతని మొహం తుడిచి, "నేను ముట్టుకోలా? లే, ఆకలేస్తంది" అంది. నేను పక్కకు తిరిగి ఏడ్చాను. రఫీ కోసం, దాంతోపాటు త్రుటిలో తప్పిపోయిన సుజాత కోసం.

రఫీ ఇప్పుడు రోజూ అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటాడు. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గిపోయిందని, అలా ఉన్నంతకాలం అతని నుంచి నాకు అంటదని డాక్టరు చెప్పారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఊరి దృష్టిలో అద్దె పంచుకునే స్నేహితులం. కోటేశ్వరక్క మూడేళ్ళ క్రితం గుండెపోటుతో పోయింది. చివరిదాకా మర ఆడింది, వాకిట్లో వరస తగ్గలేదు. "నేను పోయాక ఎవరికన్నా చెప్పుకో, బతికుండగా చెబితే మాత్రం నీ అంతు చూస్తా" అని నవ్వేది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, పేర్లు మార్చి.

సంచి నాకు మిగిలింది. పరీక్షకు భయపడేవాళ్ళు ఒకరి ద్వారా ఒకరు నా దగ్గరికి వస్తారు. కారం కొని, సంచి కట్టి, వాళ్ళతో బస్సెక్కుతాను. పోయిన వారం నా పక్కన కూర్చున్న రైతు అలా వచ్చినవాడే. మిరప వేస్తాడు. భార్య, ఒక కూతురు, మనవరాలు ఉన్నారు. వయసులో ఉన్నప్పటి నుంచీ మగవాళ్ళతోనూ సంబంధాలున్నాయి. ఆసుపత్రి బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని, "నాకేం లేదులే సార్, మనిషిని బానే ఉన్నా కదా. తిరిగి పోదామా?" అన్నాడు.

కోటేశ్వరక్క నోరు నాకు రాలేదు. ఆమె వాకిలి గుర్తొచ్చి అడిగాను.

"కాయ కోసి ఇంటికెళ్ళాక మనవరాల్ని ఎత్తుకునే ముందు ఏం చేస్తారు?"

"చేతులకి నూనె రాసి కడుక్కుంటా."

"మీ చేతులు మండుతాయా?"

"నాకెందుకు మండిద్ది సార్? పిల్లకి..." అని ఆగిపోయాడు.

తన చేతులు చూసుకున్నాడు. లోపలి నుంచి పిలిచారు. సంచి నా ఒళ్ళో పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.