ప్యాకప్ అని రాసిన బటన్

2023 వేసవి. ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న సంస్థ జూనియర్ ఆర్టిస్టుల కోసం యాప్ తయారుచేస్తోంది. అప్పటిదాకా కోఆర్డినేటర్ ఫోన్ చేసి మనుషుల్ని పిలిచేవాడు. ఇకపై మర్నాటి షూటింగ్‌కు వచ్చేవాళ్లు యాప్‌లోనే పేరు ఇవ్వాలి. పేరు రాకపోతే పని లేదు. విడుదలకు ముందు యూజబిలిటీ టెస్టింగ్ చేయమని నన్ను పిలిచారు. అంటే, వాడబోయేవాళ్ల చేతికి యాప్ ఇచ్చి, సాయం చేయకుండా, ఎక్కడ ఆగుతారో చూడటం.

సినిమావాళ్లు వాడేది కదా అని డిజైనర్ కిరణ్ మాటలన్నీ సెట్‌లోంచే తెచ్చాడు. మొదలుపెట్టే బటన్ ‘యాక్షన్’. వివరాలు నింపాక పంపే బటన్ ‘ప్యాకప్’. సెట్‌లో ఆ మాట వినబడితే ఆ రోజు షూటింగ్ ముగిసినట్టు. ఆఫీసులో అందరికీ నచ్చింది.

మధురానగర్ నుంచి యాదమ్మ వచ్చింది. ఏళ్లుగా గుంపు సీన్లలో నిలబడుతున్న మనిషి. పేరు, వయసు, తన దగ్గరున్న చీరల రంగులు, అన్నీ చకచకా నింపింది. చివరి బటన్ దగ్గర వేలు ఆగింది. నావైపు చూసింది. టెస్టింగ్‌లో మేము జవాబు చెప్పకూడదు. ఆ ఏడాదే మా ఆవిడ పోయింది. మాట్లాడకుండా కూర్చోవడం నాకు అలవాటైంది. కాసేపటికి యాదమ్మ ఫోన్ బల్ల మీద పెట్టేసింది. అప్పుడు, ఎందుకు ఆగిందో అడిగాను.

“ప్యాకప్ అని ఉంది గద సార్. మేం చెప్పేదా అది? డైరెక్టర్ సార్ చెప్పాలె. నేనొత్తితే రేపటి పనిల నా పేరే పోతదేమో.”

తర్వాత వచ్చినవాళ్లలో కొందరు నొక్కారు. ఇద్దరు ఆమెలాగే ఆగిపోయారు. సాయంత్రం, యాదమ్మ ఆగినప్పుడు తీసిన వీడియో రికార్డింగ్ కిరణ్‌కు చూపించాను. ఎలా వాడాలో చెబుతూ చిన్న వీడియో పెడితే సరిపోతుందన్నాడు.

“అర్థం కాకపోతే వీడియో పెట్టొచ్చు కిరణ్. ఆ మాట బాగా తెలుసు కాబట్టే ఆవిడ ఆగింది,” అన్నాను.

అతను ఇంకోసారి చూసి, “మార్చేద్దామండీ,” అన్నాడు.

బటన్ మీద ‘రేపు వస్తాను’ అని రాశారు. మరుసటి వారం యాదమ్మను మళ్లీ పిలిచాం. నింపింది, నొక్కింది.

“గింతేనా? మరి ఆ రోజు గట్ల బెదిరిచ్చిండ్రేంది సార్?”

అంతకుముందు నేను తప్పు బటన్ నొక్కేవాళ్ల గురించే ఎక్కువ రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ఏదీ నొక్కకుండా ఆగేవాళ్లను చూస్తున్నాను. వాళ్లు ఫిర్యాదు చేయరు. తమకే వాడటం రాదనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. మర్నాడు కోఆర్డినేటర్ చూసే పేర్లలో వాళ్లుండరు. రాలేకపోయారో, రాదలచుకోలేదో ఎవరూ అడగరు.