బల్ల మీద రెండు రకాలు

మా సంఘం ఆదివారాలు కూడుకునేది చందాపురకి కాస్త ఇవతల, ఒక స్కూలు హాల్లో. వారమంతా అక్కడ పిల్లలు ఎక్కాలు అప్పజెబుతారు, ఆదివారం మేము పాటలు పాడతాం. గోడ మీద కన్నడ అక్షరమాల, దాని కింద మా పాస్టరుగారు. వచ్చేవాళ్ళలో సగం మంది నాలాగా గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని వచ్చినవాళ్ళు. తక్కినవాళ్ళలో చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు కొందరు, తాతల కాలం నుంచి బెంగళూరులోనే పాతుకుపోయిన తెలుగువాళ్ళు కొందరు. పాటలు అందరికీ ఒకటే గాని, పాడే యాస ఎవరిది వాళ్ళదే.

మా పాస్టరుగారు వయసులో నాకన్నా చిన్న. ఎక్కడో ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి, ఇకనుంచి నెలకోసారి ఆరాధన అయ్యాక అందరం గుండ్రంగా కూర్చుని కష్టమైన విషయాలు దాచుకోకుండా మాట్లాడుకుందాం అన్నాడు. ఆ మాట వినగానే నాకు చిరాకేసింది. ఆఫీసులో ఇలాంటి మీటింగులు వారమంతా ఉంటాయి. మొదటి నెల తాగుడు గురించి. ఆ రోజు మాట్లాడినవాళ్ళంతా తాగనివాళ్ళే, తాగేవాళ్ళు రానేలేదు. రెండో నెల కులం గురించి అని ప్రకటించాడు. అందరూ వచ్చారు.

సంఘ పెద్ద లేచి, "ఊళ్ళల్లో ఉండేదేమో గాని మన సంఘంలో అలాంటిది లేదు. క్రీస్తులో అందరం ఒకటే. దేవునికి స్తోత్రం" అన్నాడు. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను. ఆమెన్ అన్నాక మాలో ఇంకెవరూ నోరు తెరవరు. అది తలుపుకి గొళ్ళెం పెట్టేయడమే. ఆ రోజు టీ ఫ్లాస్కు మూత తీసేలోపే కులం సంగతి తేలిపోయింది. పాస్టరుగారి ముఖం చూస్తే జాలేసింది. ఇంకేమైనా చెప్పేవాళ్ళున్నారా అని అడిగాడు, అడగాలి కాబట్టి.

అప్పుడు ఆంటీ చెయ్యెత్తింది.

సంఘమంతా ఆమెను ఆంటీ అనే పిలుస్తుంది. కాటన్‌పేటలో పెరిగి, బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆలస్యంగా వస్తే పాస్టరునైనా సరే గడియారం చూపించి మరీ నిలదీస్తుంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాలకి ఆ రసం కాచి తెచ్చేది ఆమే. ఇక్కడి నల్ల ద్రాక్ష తెచ్చి, లవంగం వేసి కాచి, గుడ్డలో వడగట్టి, సీసాల్లో పోసి తెస్తుంది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పమంటే ఒప్పుకోదు.

"ఏమిలేదప్పా," అంది. "వచ్చే నెలాఖరుకి నేను దొడ్డబళ్ళాపురంలో మా చెల్లెలింటికి పోతా ఉండా. ఇంక అక్కడే. పోయే ముందర ఒక్కసారి, పాత మాదిరి ఒకే గిన్నెలో బల్ల తీసుకోవాలని ఉండాది నాకు."

కరోనాకి ముందు మాకు ఒకే గిన్నె ఉండేది. పాస్టరు దాన్ని ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి అందిస్తూ, మధ్యలో అంచుని తెల్ల గుడ్డతో తుడిచేవాడు. కరోనాతో చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల ట్రే వచ్చింది. కరోనా వెళ్ళిపోయింది, ట్రే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందని ఎవరూ అడగలేదు. నాకైతే అడగాలని కూడా తోచలేదు.

కులం దగ్గర నోరు విప్పని మనుషులు గిన్నె దగ్గర ఒక్కసారిగా విప్పారు. జలుబు అన్నారు, దగ్గు అన్నారు, లిప్‌స్టిక్ అన్నారు. ఆరోగ్యం కూడా దేవుడిచ్చిందే కదా అన్నాడు సంఘ పెద్ద. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తప్పు మాట అనలేదు. కానీ హాల్లో గాలి బిగుసుకుపోయింది. ఒకమ్మాయి మాత్రం లేచి నిలబడి, "మా వారికి కిడ్నీ మార్చారండీ. ఇన్‌ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికి వస్తుందన్నారు. ఒకే గిన్నె అయితే మేం బల్లకి రాలేం" అంది.

"నీ మొగుణ్ణి ఎవరు తాగమన్నారమ్మా, ఆయన ఊరికే కూర్చోనీ," అంది ఆంటీ. ఆ మాట కటువుగా వచ్చింది. ఆమెకీ తెలిసినట్టుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"కాటన్‌పేటకి రాకముందు మాది బార్డర్లో ఒక పల్లె. మా మాదిగేరి వాళ్ళకి హోటల్లో గ్లాసులు వేరే. బయట చూరులో చెక్కి పెట్టేవాళ్ళు. మేమే తీసుకోవల్ల, తాగవల్ల, కడిగి మళ్ళా ఆడే పెట్టవల్ల. మా అమ్మ మొదటిసారి చర్చికి పోయిన దినం, ముందర రెడ్డమ్మ తాగిన గిన్నెని అయ్యగారు తెచ్చి మా అమ్మ నోటికి పెట్టినాడంట. ఇంటికొచ్చి దినమంతా ఏడ్చింది. బైబిలు చదివి మారలేదప్పా మా అమ్మ. ఆమెకి చదువే రాదు. ఆ గిన్నె చూసి మారింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అన్నాడు. తలలు వంచుకోవడానికి ఒక దారి దొరికినందుకు అందరం సంతోషించామనుకుంటా.

దారిలో నేనూ మా ఆవిడా కారులో పోట్లాడుకున్నాం. అంతమందిలో నువ్వైనా ఆంటీ వైపు మాట్లాడి ఉండొచ్చు కదా అన్నాను. "నువ్వు మాట్లాడావా?" అంది. తర్వాత, "నిజం చెప్పనా, నాకు ఆ ఒక్క గిన్నె ఎప్పుడూ నచ్చలేదు. నా ముందు తాగినాయన మీసాలు అందులో మునగడం చూశాక నాకు ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు. అది కులమా?" అని అడిగింది.

తెలీదన్నాను. నిజంగానే తెలీదు. మా తాత పొలాలున్న కులంలో పుట్టి క్రైస్తవుడైన మనిషి. మా ఊళ్ళో రెండు చర్చిలుండేవి, ఒకటి మాది, ఒకటి ఊరి చివరి మాలపల్లెవాళ్ళది. రెండూ ఒకే దేవుడివి. చిన్నప్పుడు అదేమీ వింతగా అనిపించలేదు. బెంగళూరు వచ్చాక ఆ గొడవలన్నీ ఊళ్ళోనే వదిలేసి వచ్చాననుకున్నాను.

"అప్పట్లో మనం ఎప్పుడూ ముందు వరసలో ఎందుకు కూర్చునేవాళ్ళం?" అని అడిగాను.

"పిల్లాడికి ఫ్యాన్ గాలి తగలాలని," అంది.

అదీ నిజమే, ముందు వరసకే ఫ్యాన్ ఉండేది. కానీ ముందు వరసవాళ్ళకే గిన్నె ముందు వచ్చేది. మేం ఫ్యాన్ కోసమే కూర్చున్నామా? ఇల్లు చేరేదాకా దాని గురించే ఆలోచించాను, తేలలేదు.

ఆ వారం పాస్టరుగారు ఫోన్ చేశాడు. పెద్దలు ఒకవైపు, ఆంటీ ఒకవైపు, కిడ్నీ ఆయన ఇంకోవైపు, నాకు దిక్కు తోచడం లేదన్నా అన్నాడు. నాకు వెంటనే ఉపాయం తట్టింది. మా ఆఫీసులో రెండు టీములు ఇలా కావాలంటే అలా కావాలని కొట్టుకున్నప్పుడు రెండు బటన్లూ పెట్టేస్తాం, ఎవరికి నచ్చింది వాళ్ళు నొక్కుకుంటారు. "గిన్నె పెట్టండి, ట్రే కూడా పెట్టండి. ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు తీసుకుంటారు. ఎవరినీ బలవంతపెట్టినట్టు ఉండదు" అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దలూ ఒప్పుకున్నారు. ఇంత చిక్కుముడిని ఫోన్లో విప్పేశానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది.

ఆ ఆదివారం ఆంటీ ఎప్పటిలాగే సీసాలు తెచ్చింది. ఎప్పుడూ కట్టుకునే నేత చీర కాకుండా పట్టుచీర కట్టుకుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కుడివైపు గిన్నె, ఎడమవైపు ట్రే పెట్టారు. మామూలుగా ఆమె అందరికన్నా చివర వచ్చేది, తర్వాత కడిగే పని తనదే కాబట్టి. ఆ రోజు పాస్టరుగారు ఆమెను ముందు పిలిచాడు. ఆమె వెనక నేను నిలబడ్డాను. కావాలనే నిలబడ్డాను.

రొట్టె తీసుకుంది. తర్వాత బల్ల వైపు చూసింది, గిన్నెని, ట్రేని. పాస్టరుగారు గిన్నె ఎత్తబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చేతులు జోడించి, వెనక్కి తిరిగి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. రెండిట్లో ఏదీ తీసుకోలేదు.

నాకు ఏమీ అర్థం కాలేదు. వెనకాల వరస కదలకుండా ఉంది. నేను గిన్నె అందుకుని తాగాను. తియ్యగా, లవంగం ఘాటుతో, ఎప్పటి రుచే. తిరిగి వస్తూ ఆమె చూస్తోందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె తల వంచుకుని ఉంది. నా తర్వాత కొందరు గిన్నెలో తాగారు, కొందరు ట్రేలోది తీసుకున్నారు. గిన్నె దగ్గరికి వెళ్ళేవాళ్ళు చుట్టూ చూసి వెళ్ళారు, ట్రే దగ్గరికి వెళ్ళేవాళ్ళు కింద చూస్తూ వెళ్ళారు. ఎవరెవరు ఏది తీసుకున్నారో నన్నడిగితే ఇవాళ్టికీ చెప్పగలను. ఆ పూట నేను ప్రార్థన చేయలేదు, అదే చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక స్కూలు వెనక కుళాయి దగ్గర ఆంటీ గిన్నె కడుగుతోంది. నేను వెళ్ళి ట్రే అందుకున్నాను.

"ఎందుకు తీసుకోలేదాంటీ? మీరు అడిగిందే కదా."

"రెండు రకాలు పెట్టినారు కదప్పా," అంది, చెయ్యి ఆపకుండా. "రెండు రకాల గ్లాసులు నేను చిన్నప్పుడే చూసినా."

"అది వేరు ఆంటీ. ఇక్కడ ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు. నేను గిన్నెలోనే తాగాను కదా."

"చూసినా. నువ్వు గిన్నెలో తాగింది నా కోసమే. వాళ్ళు ట్రేలోది తీసుకునిందీ నన్ను చూసే. ఎవరు ఏది పట్టుకున్నా నా మొగమే చూస్తిరి. మా అమ్మకి ముందర తాగినామె మా అమ్మ మొగం చూళ్ళేదప్పా. తాగింది, పోయి కూర్చునింది. అంతే."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదో నా మీదో తెలీదు గాని వచ్చింది. "మరి ఏం చేయాల్సింది? కిడ్నీ ఆయన్ని ఏం చేయాలి? మీరే చెప్పండి" అన్నాను.

"నాకేం తెలుసు? తెలిస్తే ఆ దినం మీటింగులోనే చెప్పనా?" అంది. గిన్నెని బోర్లించి నీళ్ళు కారనిచ్చింది. "ఆ పిల్లకి ఫోన్ చేసి తప్పయిందని చెప్పినాలే. పాపం, మొగుడి మీద బెంగతో ఉంటే నేను అట్ల అనకూడదు. నాకూ బుర్ర పనిచేయడం లేదప్పా. ఒకే గిన్నె కావాలంటిని. ఇప్పుడు పెడితే ఏడుపొస్తా ఉండాది."

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం గడియారం చూపించేటప్పటిలాగే కోపంగా ఉంది. నాకు ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది, ఏడవలేదు.

బస్టాపు దాకా దింపుతానన్నాను. దిగేముందు కాఫీ తాగుదాం రా అంది. రోడ్డు పక్క దర్శిని హోటల్లో నిలబడి తాగే బల్లలు, ఆదివారం రద్దీ. "బైటూ చాలు, సుమ్నే, ఊరికే పారబోయడం ఎందుకు" అని ఆమే చెప్పింది. ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పోసి ఇచ్చారు. చెరొక గుక్క తాగి బల్ల మీద పెట్టాం. దొడ్డబళ్ళాపురం ద్రాక్ష ఇక్కడి మార్కెట్లో కన్నా నయమని, ఇంక రసం కాచే పని మా ఆవిడకి నేర్పించి పోతానని చెబుతోంది. బల్లలు తుడిచే మనిషి వచ్చి మా గ్లాసులు రెండూ ఒక చేత్తో పక్కకి జరిపి, గుడ్డతో బల్ల తుడిచి వెళ్ళిపోయాడు.

రెండూ ఒకేలాంటి గ్లాసులు, రెండూ సగానికి కిందే ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియడం లేదు. ఆంటీ మాట ఆపకుండానే చేతికి దగ్గరగా ఉన్నది తీసుకుని తాగింది. లవంగాలు ఎన్ని వేయాలో చెబుతోంది.

నేను రెండోదాని వైపు చెయ్యి చాపాను. చాపి, ఆగాను. గ్లాసు తిప్పి అంచు చూశాను. పెదవి తగిలిన చోటు కోసం చూశానా, చల్లారిందా అని చూశానా, ఊరికే చూశానా, ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు. పొద్దున గిన్నె అందుకున్నప్పుడు మాత్రం నేను అంచు చూడలేదు. అప్పుడు నన్ను అందరూ చూస్తున్నారు.

ఆంటీ తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. నా చేతిలోని గ్లాసుని చూసింది, నన్ను చూసింది.

"తాగప్పా," అంది. "చల్లారిపోతా ఉండాది."